గింజలేరని చెక్కకోళ్ళు

మా ఆయన సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. తలుపు దగ్గరగా వేశాడు గానీ గొళ్ళెం పెట్టలేదు, పక్కింటి కనకవ్వ మధ్యమధ్య వచ్చి చూసుకుంటుందని. సంచిలో ఉలీ రంపమూ సుత్తీ ఒకదానికొకటి తగిలి గల్లుగల్లుమంటుంటే వాకిలి దాటేదాకా విన్నాను, సందు మలుపు తిరిగాక కూడా వింటున్నట్టే ఉంది, ఇక వినపడదని తెలిసినా చెవి ఒప్పుకోవడం లేదు. పోతున్నది ఉపేందర్ కొట్టుకు. తలుపులూ మంచాలూ చేసే ఉపేందర్ దగ్గరి నుంచే ఇన్నాళ్ళూ టేకు ముక్కలు ఏరి తెచ్చుకున్నాడు, ఇవాళ పనిముట్లన్నీ అతనికి అప్పజెప్పి వస్తానన్నాడు. "ఇగ బంద్ సారవ్వా. నిన్ను సతాయించుడు బంద్. నాకు ఈ బొమ్మలు రావు, నీకు ఇష్టం లేదు. ఊకె తిప్పలు వెడుతున్న నిన్ను" అన్నాడు, తల వంచుకుని, తువ్వాలతో కోళ్ళ బొమ్మ మీది దుమ్ము తుడుస్తూ. ఇష్టం లేదా! ఎవరు చెప్పారయ్యా నీకు? నేనే చెప్పానట. పొద్దున ఆ బొమ్మను నేలకేసి కొట్టానుగా, అదే చెప్పడమట. కొట్టినదాన్ని తీసి, తుడిచి, మళ్ళీ నా ఎడమ చేతికి అందేలా పక్కలో పెట్టి మరీ వెళ్ళాడు. కోపం వచ్చినవాడు చేసే పనేనా అది? కోపం రాలేదు ఆయనకు. మనసు చిన్నబుచ్చుకున్నాడు. కోపమైతే నాకు భయం లేదు, సాయంత్రానికి పోతుంది.

నాకు నోరుంటే! ఉండేది. ఎంత నోరుండేదో ఈ వాడలో ఎవరినడిగినా చెబుతారు. నల్లా దగ్గర నేను నోరు తెరిస్తే బిందెలు వాటంతట అవే వరసలో నిలబడేవని నా కూతురు మమత ఎగతాళి చేసేది. ఆ నల్లా దగ్గరే, దసరా వెళ్ళిన వారానికి, కనకవ్వతో పోట్లాట మంచి రసకందాయంలో ఉండగా మాట మధ్యలో తెగిపోయింది. బిందె ఒరిగింది, నేనూ ఒరిగాను. కుడి చెయ్యి, కుడి కాలు, నోరు, మూడూ ఒకేసారి పడిపోయాయి. ఆ పోట్లాటలో గెలుస్తున్నది నేనే, ఆ సంగతి కనకవ్వకూ తెలుసు, అందుకేనేమో పాపం రోజూ వచ్చి చూసిపోతుంది. దవాఖానలో కళ్ళు తెరిచేసరికి నోట్లో ఒక్క మాట మిగిలింది. జల్ది. దేవుడి పేరు మిగలలేదు, కన్నబిడ్డ పేరు మిగలలేదు, ఫస్టు షిఫ్టుకు ఆయన్ని లేపుతూ, టిఫిను సర్దుతూ, బూట్లు అందిస్తూ తెల్లవారకముందే అరిచిన ఆ ఒక్క మాటే మిగిలింది. ఆకలైతే జల్ది. దాహమైతే జల్ది. మమత శ్రీరాంపూర్ నుంచి వచ్చి నా చెయ్యి పట్టుకుని ఏడిస్తే, ఏడవకే పిచ్చిదానా అనబోతే అదే వచ్చింది, అది ఇంకా గట్టిగా ఏడ్చింది. తలలో మాత్రం అన్నీ ఉన్నాయి. పాత నోరు లోపల కూర్చుని రోజంతా వాగుతూనే ఉంది, ఇదిగో ఇప్పుడు వాగుతున్నట్టు.

చెయ్యికి కసరత్తు నేర్పే అమ్మాయి ప్రసూన, విజయవాడ వైపు పిల్ల, మంచి పిల్ల, ఒక రబ్బరు బంతి ఇచ్చి పిసకమంది. "పెద్దమ్మగారూ, మణికట్టు తిప్పాలండీ, వేళ్ళు ముడవాలండీ" అంటుంది, అండీ అండీ అంటూ ఎంత మర్యాదగా చెప్పినా ఆ బంతిని చూస్తేనే నాకు ఒళ్ళు మండేది, పసిపిల్లనా నేను? ఎడమ చేత్తో తీసి మంచం కిందికి దొర్లించేదాన్ని. రెండు మూడుసార్లు చూసి ఆ పిల్లే ఆయనతో అంది: "ఇష్టం లేకుండా పట్టుకుంటే లాభం లేదు బాబాయిగారూ. బంతి కాకపోతే ఇంకోటి, ఆవిడకి నచ్చేది ఏదైనా చూడండి. కానీ ఈ కొన్ని నెలలే అండీ. ఇప్పుడు వదిలేస్తే ఆ చెయ్యి తర్వాత రావడం చాలా కష్టం." ఆయన బుద్ధిగా తలూపాడు. ఇంటికి వచ్చి వాకిట్లో కూర్చుని చాలాసేపు ఆలోచించాడు, మర్నాడు ఉపేందర్ కొట్టుకు పోయి చెక్కముక్కలు తెచ్చాడు. నాకేం నచ్చుతుందో ఆయనకు ఎలా తెలిసిందో! పెళ్ళయిన కొత్తలో కమాన్‌పూర్ అంగట్లో మెడ ఊపే చెక్క ఆవును చూసి నేను కదలకుండా నిలబడిపోయానట, లాక్కొస్తే గానీ రాలేదట, ఇన్నేళ్ళ తర్వాత అది గుర్తు చేసుకుని చెప్పాడు. నాకే గుర్తులేదు. నేను మరిచిపోయిన నన్ను ఆయన దాచిపెట్టుకున్నాడు, దీనికి ఏమని మొక్కాలి?

ముందు గంగిరెద్దు చేశాడు. కొమ్ములు, మూపురం, గంగడోలు, వీపు మీద బొంత, అన్నీ కుదిరాయి. కింద తాడు లాగితే తల ఊపాలి. ఊపలేదు. లాగితే తాడు తెగింది గానీ తల కదల్లేదు. తర్వాత ఏనుగు, చెవులు ఆడాలి, ఆడలేదు. తర్వాత దారం మీద ఎగబాకే కోతి, అది ఎక్కడ పెడితే అక్కడే తపస్సు చేసుకుంటుంది. అన్నీ కిటికీ గట్టు మీద వరసగా నిలబడి ఉన్నాయి, రోజూ పొద్దున వాటిని చూస్తాను, అవి నన్ను చూస్తాయి, ఈ ఇంట్లో కదలని జీవాలం మేమంతా ఒక జట్టు. వాటి మీద ఒక్క గీత పడకుండా గుడ్డతో తుడుస్తాడు. కదలని బొమ్మ కూడా ఇంత ముద్దొస్తుందని నాకు ముందు తెలియదు.

చివరిది ఈ కోళ్ళ బొమ్మ. పిడి ఉన్న గుండ్రటి పలక, రొట్టెల పీటంత, మీద నాలుగు కోళ్ళు చుట్టూ నిలబడి మధ్యకు ముక్కులు పెట్టుకుని ఉన్నాయి. ఒక్కొక్క మెడకు ఒక్కొక్క దారం, ఆ దారాలు పలకలోని బెజ్జాల గుండా కిందికి దిగి ఒక బరువుకు ముడిపడ్డాయి. బరువుకు ఏం కట్టాడంటే మా పాత తాళం, కంపెనీ క్వార్టర్‌లో ఉన్నన్నాళ్ళూ తలుపుకు వేసుకున్నది, ఖాళీ చేసి వచ్చేటప్పుడు చెవి ఎక్కడో పోయింది, తాళం మాత్రం నాతో వచ్చింది. పిడి పట్టుకుని మణికట్టు తిప్పితే తాళం గుండ్రంగా ఊగాలి, ఊగితే దారాలు ఒకదాని తర్వాత ఒకటి లాగాలి, కోళ్ళు వంతులవారీగా గింజలు ఏరుకోవాలి. మణికట్టు! ప్రసూన చెప్పిన మణికట్టే! ఎంత ఆలోచించాడో చూడండి. పొద్దున తెచ్చి చేతికిచ్చాడు. ఎడమ చేత్తో తిప్పి చూశాను. తాళం బ్రహ్మాండంగా ఊగింది. దారం లాగింది. కోడి మాత్రం దవాఖాన ముందు పోలీసులా బిగుసుకుని నిలబడింది. గోరు పెట్టి చూస్తే తెలిసింది, మెడ తిరగవలసిన చీల పక్కన, సందులో, పల్చటి చెక్కపేడు ఒకటి కొట్టి ఉంది. నాలుగింటికీ కొట్టి ఉంది. ఇదిగో ఇక్కడ, ఇది తియ్యి, అని గోటితో చూపించాను, జల్ది జల్ది అన్నాను. పేడు గుచ్చుకుందనుకుని ఉప్పుకాగితం తెచ్చి ఇంకా నున్నగా రుద్దాడు. ఇంకోసారి చూపించాను, ఇంకోసారి రుద్దాడు. బల్లలో బిగిసిన సొరుగును తట్టి వదులు చేయమా, అలా నేలకేసి ఒక్కటి కొడితే ఆ పేడు ఊడిపడుతుందనుకున్నాను. కొట్టాను. ఊడలేదు. తలెత్తి చూసేసరికి ఆయన ముఖం చిన్నబోయి ఉంది. నాకు అప్పుడు రావలసిన మాటలు ఎన్ని, వచ్చిన మాట ఏది!

పోతే పోనీ. ఆయన వచ్చేలోపు ఈ పేడు నేనే తీస్తాను. తీసి, ఈ కుడి చేతిని ఈ పిడి మీద పెట్టి, తిప్పి చూపిస్తాను. అంతకన్నా చెప్పే దారి నాకింకొకటి లేదు. ఉపేందర్ కొట్టు ఎంత దూరం, పోయి, కూర్చుని, చాయ్ తాగి, ఆ పనిముట్లు అప్పజెప్పి... అప్పజెబితే ఇక ముట్టుకోడు, నాకు తెలుసు, రిటైరై డ్యూటీ దిగిన రోజు టోపీ లైటు అప్పజెప్పి వచ్చి మళ్ళీ ఆ బొగ్గుబాయి వైపు తిరిగి చూడలేదు. బొమ్మ ఆగితే ఈ చెయ్యి ఆగుతుంది. చెయ్యి ఒక్కటే ఆగితే ఫరవాలేదు, ఎడమ చెయ్యి ఉంది, ఆయన ఆగిపోతాడేమోనని నా భయం. ఈ బొమ్మలు మొదలుపెట్టినప్పటి నుంచి పొద్దున లేస్తూనే ఏదో కూనిరాగం తీస్తున్నాడు.

పలకను ఒళ్ళో పెట్టుకుని, పడిపోయిన కుడి చేతిని ఎడమ చేత్తో ఎత్తి దాని మీద బరువుగా వేశాను, కదలకుండా ఉండటానికి. ఇన్నాళ్ళకు ఒక పనికొచ్చావే చెయ్యీ. ఎడమ గోరు పేడు కిందికి పోవడం లేదు. ఎంత బిగించాడు! బిగించడమే ఆయన బతుకు. బాయిలో టింబర్‌మ్యాన్. బొగ్గు తీసేకొద్దీ పైన రాతికప్పు ఖాళీగా వేలాడుతుంది, దాని కింద కర్రదుంగలు నిలువుగా నిలబెట్టి, తలకూ కప్పుకూ మధ్య సందులో చెక్క పెట్టి సుత్తితో కొట్టి కొట్టి బిగించాలి. వేలితో తోస్తే కదిలిందా, ఆ కర్ర ఉన్నా లేనట్టే. అన్నేళ్ళు అదే పని, కదలకుండా చేసే పని. ఆ చేతులకు ఇప్పుడు కదిలేలా చెయ్యమంటే ఎలా వస్తుంది? సందు కనిపిస్తే ఆ చేతులు ఊరుకోవు, చెక్క కొడతాయి. ఆయనకు తెలిసి చేసింది కాదు. నా జడ చూడండి, ఇప్పుడు ఆయనే అల్లుతాడు, కనుబొమలు పైకి లేచేంత బిగించి అల్లుతాడు, రోజంతా నేను దేనికో ఆశ్చర్యపోతున్నట్టు కనిపిస్తాను. చీర కుచ్చిళ్ళు దోపితే మర్నాటిదాకా జారవు. అన్నం మూత బిగిస్తే ఆయన తప్ప ఇంకొకరు తియ్యలేరు. నవ్వొస్తుంది. నవ్వొస్తూనే కళ్ళలో నీళ్ళొస్తున్నాయి. ఆయన బిగించిన కర్రల కింద ఎంతమంది అన్నం తిని, చుట్ట కాల్చుకుని, ఇళ్ళకు పోయారో.

పళ్ళతో పడితే వస్తుందేమో. టేకు వాసన. కొంచెం చేదు. నా పెద్దపన్ను ఒకటి ఊగుతోంది, దాన్ని తప్పించి ఇటు పక్క... రాలేదు, జారింది. ఎడమ పక్క దవడ బాగానే ఉంది, నోరు సగమే పడిపోయింది గదా, మిగతా సగం ఊరికే ఎందుకుంది?

చప్పుడంటే ఆయనకు పడదు. అది అసలు సంగతి. కర్ర చప్పుడు. కప్పు దిగే ముందు కర్ర టక్కుమంటుందట, సన్నగా, వేలు విరిచినట్టు, తర్వాత ఇంకొంచెం, ఇనుపది అయితే చెప్పకుండా వంగుతుంది గానీ కర్ర ముందు చెబుతుందట. కొత్తగా పనిలోకి వచ్చినవాళ్ళకు అదే చెప్పేవాడు, "కర్ర సప్పుడు జేసిందంటె మల్ల సోంచాయించుడు లేదు బిడ్డా, ఉరుకుడే." బాయిలో చెప్పుకుంటే బాగానే ఉంది, ఇంట్లో కూడా అదే వరస. కొత్త మంచం కిర్రుమంటే అర్ధరాత్రి నన్ను రెక్క పట్టి బయటికి ఈడ్చినవాడు. ఆ మంచం మర్నాడే చుట్టాలకు ఇచ్చేశాం. ఇంట్లో చెక్క పీట గానీ తలుపు గానీ చిన్న చప్పుడు చేసినా ముందు ఆయన కళ్ళు పైకి పోతాయి, కప్పు వైపు, తర్వాతే ఏమిటని చూస్తాడు. అలాంటి మనిషి టకటకమనే బొమ్మ ఎలా చేస్తాడు? చేస్తూ చేస్తూ ఒక కోడి టక్కుమని ఉంటుంది, ఒళ్ళు జలదరించి ఉంటుంది, చెయ్యి తనంతట తానే పేడు కొట్టేసి ఉంటుంది. ఎంత భయపడుతూ చేశాడో నా కోసం. ఇది ఇప్పుడే తట్టింది నాకు, ఇంతసేపూ చేతులదే తప్పనుకున్నాను.

మమతకు శ్రీరాంపూర్ సంబంధం చూడబోయినప్పుడు ఎంత పరువు తీశాడు! వాళ్ళు చాయ్ పోసి, పల్లెంలో మిఠాయి పెట్టి, పిల్లవాడు రఘుపతిని పిలిచి కూర్చోబెట్టారు. ఈయన లేచి, మూలనున్న బూజుకర్ర తీసుకుని ఇంటి కప్పు తట్టడం మొదలుపెట్టాడు. బాయిలో అలా తట్టి చెవి పెట్టి వింటారు, గట్టి కప్పు ఖంగుమంటుంది, లోపల విడిపోయిన కప్పు డొల్లగా పలుకుతుంది. గదిలో అందరూ నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు, నేను సిగ్గుతో చచ్చి సగమయ్యాను. అంతా తట్టి వచ్చి కూర్చుని "కప్పు మంచిగున్నది బావా, మాకు ఇష్టమే" అన్నాడు. పిల్లవాడి జీతం అడగలేదు, ఏ షిఫ్టో అడగలేదు. వియ్యంకుడూ బాయిలో చేసినవాడే, నవ్వలేదు, లేచి వచ్చి ఈయన చెయ్యి పట్టుకున్నాడు. ఆ కప్పు కిందే మమత చల్లగా కాపురం చేసుకుంటోంది, ఇద్దరు పిల్లలు, ఏ లోటూ లేదు.

పేడు కొంచెం లేచింది! చివర పంటికి తగిలింది. ఇప్పుడు మెల్లగా... తలుపు కిర్రుమంది. కనకవ్వ. గుమ్మంలోనే నిలబడిపోయింది, బుగ్గన చెయ్యి పెట్టుకుని. "ఓయమ్మో, ఏం జేత్తన్నవే సారవ్వా? కోడిని కొరుకుతున్నవా?" అంది. జల్ది, అన్నాను, పోవే అని. "ఆకలైతందా? పొద్దుగాల అన్నం దినలేదా? ఆయన ఏడికి వోయిండు నిన్నిట్ల ఇడిచిపెట్టి? ఇటియ్యి, పండ్లు ఊడుతయ్" అంటూ బొమ్మ పట్టుకుని లాగింది. నేను వదల్లేదు. ఒక చెయ్యి గలదాన్ని, రెండు చేతులు గలది, అటూ ఇటూ లాక్కున్నాం, నల్లా దగ్గర మిగిలిపోయిన పోట్లాట ఇక్కడ తీర్చుకుంటున్నట్టు. నా కళ్ళలోకి చూసింది, ఏం కనిపించిందో, చటుక్కున వదిలేసింది. "గంత పావురమా, గంత ప్రేమనా దాని మీద!" అంది మెత్తగా, నా ముఖం మీద పడిన వెంట్రుక చెవి వెనక్కి తోసి, "సల్లవోసి అన్నం కలుపుకొస్త ఉండు" అని పోయింది. ఇదీ మంచిదే. అందరూ మంచివాళ్ళే నా చుట్టూ, నాకు నోరున్నన్నాళ్ళూ ఆ సంగతి వినపడలేదు, నా గొంతే వినపడేది.

బాయిలో కర్ర నిజంగా చెప్పిన రోజు సంగతి కూడా ఆయన చెప్పలేదు. సాయంత్రం మామూలుగానే వచ్చాడు, స్నానం చేశాడు, అన్నానికి కూర్చునే ముందు క్వార్టర్ ద్వారబంధాన్ని అరచేత్తో ఒకసారి తడిమాడు, అంతే. నేను కూరలో ఉప్పు గురించి మాట్లాడుతున్నాను. వారం తర్వాత ఆయనతో పనిచేసే బుచ్చన్న వచ్చి చెప్పాడు: "వదినె, నీకు ఎరుకలేదా? కర్ర టక్కుమన్నది. మాకెవ్వలకు ఇనరాలే, అన్నకే ఇనచ్చింది. నా గల్ల పట్టి గుంజిండు, ఇంకిద్దర్ని నూకిండు. మేం ఇవతలకు వచ్చినమో లేదో, ఆడ కప్పంత దిగింది. మేం కూసున్న జాగలనే." బుచ్చన్నకు చాయ్ పోస్తున్న చెయ్యి, ఇదే, ఈ కుడి చెయ్యే, అలాగే ఉండిపోయింది, చాయ్ కప్పు నిండి కింద పారింది. మర్నాడు నేనేం చేశానో తెలుసా, పసుపూ కుంకుమా కొబ్బరికాయా తీసుకుని బాయి దగ్గర కర్రలు పేర్చిపెట్టే చోటికి పోయాను. వాచ్‌మ్యాన్ ఎల్లేశం కాక ఆపబోయాడు, నా నోరు తెలిసినవాడు కాబట్టి పక్కకు తప్పుకున్నాడు. ఒక్కొక్క దుంగకూ పసుపు రాసి బొట్టు పెట్టాను. ఏ కర్ర ఏ కప్పు కిందికి పోతుందో, ఏ రోజు ఎవరికి చెబుతుందో, ఏ ఒక్కదాన్నీ వదలబుద్ధి కాలేదు, కుంకుమ అయిపోతే పసుపే పెట్టాను. షిఫ్టు దిగినవాళ్ళు ఈయన్ని ఎంత ఆటపట్టించారో! "రాజం అన్నా, మీ ఇంటామె దుంగలకు బొట్లు పెట్టింది, మరి మాకు పేరంటం లేదా?" అని. ఆయన ఇంటికి వచ్చి అన్నానికి కూర్చున్నాడు. కర్రకు మొక్కాను గానీ, కర్ర చెప్పింది విని వచ్చినవాడికి ఏం చెప్పాలో తెలియలేదు, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగాను. ఆయన సరిపోయిందన్నాడు. మా మధ్య అలాగే నడిచింది అంతా, ఎంత బాగా నడిచింది.

వచ్చింది! పేడు వచ్చింది, నాలుక మీదికి. ఉమ్మేశాను. ఇంతే ఉంది, గోరంత. దీని కోసమా ఇంత గొడవ! కోడి మెడ వేలితో తాకితే ఊగింది, అటూ ఇటూ, వదులుగా, బతికి ఉన్న కోడిలా. ఒక్క కోడి. మిగతా మూడూ అలాగే బిగుసుకుని ఉన్నాయి, ఇంకో పేడు తీసే ఓపిక లేదు, దవడ నొప్పిగా ఉంది, పెద్దపన్ను ఇంకా ఊగుతోంది. ఒక్కటి చాలు. ఒక్క కోడి గింజ ఏరుకుంటే చాలు.

సైరన్. ఓపెన్‌కాస్టు గనిలో మందు పేల్చే వేళయింది. రోజూ ఈ సైరన్ మోగేసరికి ఎక్కడున్నా ఇంటికి వచ్చేస్తాడు, నా మంచం పక్కన నిలబడి ఒక చెయ్యి మంచం పట్టె మీద, ఒక చెయ్యి నా భుజం మీద వేసి, కళ్ళు పైన కప్పు మీద పెట్టి, పేలి, గిన్నెలు గలగలమని, అంతా సద్దుమణిగేదాకా కదలడు. ఏమీ కాదు, అందరికీ తెలుసు, వాడలో పిల్లలు నిద్రలోంచి కూడా లేవరు. ఆయన మాత్రం ఇంకా బాయిలోనే ఉన్నట్టు, నేను ఆయన కర్ర కింద కూర్చున్నట్టు. ఇవాళ రాలేదు. రెండోసారి సైరన్ మోగింది. ఉపేందర్ కొట్టులో ఉలి, రంపం, సుత్తి ఒకటొకటిగా తీసి బల్ల మీద పెడుతున్నాడు కాబోలు. భుజం మీద ఆ చెయ్యి లేకపోతే ఇంత చల్లగా ఉంటుందా! నాకు భయమేమీ లేదు, కానీ ఆ చెయ్యి కావాలి. కింద నేల మొదట మెల్లగా ఉలిక్కిపడింది, తర్వాత ధడేలుమంది, అటక మీద గిన్నెలు, కిటికీ రెక్కలు, గట్టు మీది ఏనుగు, అన్నీ వణికాయి, ఒళ్ళోంచి తాళం పక్కకు జారింది, కోడి తనంతట తానే తల వంచి పలకను పొడిచింది. టక్. ఎంత చక్కటి చప్పుడు!

ఇప్పుడు నా వంతు. కుడి చేతిని పిడి మీద పెట్టి, వేళ్ళను ఎడమ చేత్తో ఒక్కొక్కటే ముడిచాను, బొటనవేలు చివరికి. ముంజేతిని మంచం పట్టె మీద ఆనించి పలకను అంచు దాటించాను, తాళం కిందికి వేలాడింది. తిరుగు. తిరగవే. లోపలి నుంచి అరుస్తున్నాను, ఫస్టు షిఫ్టుకు లేపినట్టు అరుస్తున్నాను. చెయ్యి నిద్రపోతోంది. ఎన్ని రొట్టెలు ఒత్తావు, ఎన్ని బిందెలు మోశావు, ఎన్ని దుంగలకు బొట్లు పెట్టావు, లే తల్లీ, నిన్ను మళ్ళీ ఏదీ అడగను. మణికట్టు దగ్గర, లోపల ఎక్కడో, చీమ పాకినట్టు ఏదో కదిలింది. తాళం ఇంతంటే ఇంత ఊగింది. దారం సాగింది గానీ కోడి వంగలేదు.

వాకిట్లో చెప్పుల చప్పుడు, ఉరుకుతూ. తలుపు నెట్టుకుని వచ్చాడు, ఒగరుస్తూ, చొక్కా తడిసి ముద్దయింది. "పేలినప్పుడు రాకపోతి... భయపడ్డవానే?" అన్నాడు. చేతిలో సంచి లేదు. భుజాన లేదు. చూశాను, గుమ్మం బయట కూడా లేదు. ఇచ్చేసి వచ్చాడు. గుండె జారింది, ఆ జారడం చేతిదాకా పోయిందో ఏమో, మణికట్టు తిరిగింది. నేను తిప్పానా, అది తిరిగిందా, నాకు తెలియదు. తాళం ఊగింది. టక్.

ఆయన అక్కడికక్కడే ఆగిపోయాడు. కళ్ళు పైకి పోయాయి, కప్పు వైపు, నాకు తెలుసు పోతాయని. ఒక అడుగు నా వైపు పడింది, రెక్క పట్టి ఈడ్చడానికి చెయ్యి చాపాడు. టక్. ఇంకోసారి. అప్పుడు కిందికి చూశాడు. నా చేతిని చూశాడు, ఎడమ చెయ్యి కాదు, అది పరుపు మీద ఖాళీగా ఉంది. కుడి చేతిని చూశాడు. కోడిని చూశాడు. దుప్పటి మీద పడి ఉన్న గోరంత పేడును చూసి, రెండు వేళ్ళతో తీసి, పంటిగాట్ల మీద బొటనవేలితో రాశాడు. "ఇందుకానే కొట్టినవ్?" అన్నాడు. "బిగిచ్చిన్నా నేను? అయ్యో, బిగిచ్చిన్నా!" మిగతా మూడు కోళ్ళ మెడలనూ తట్టి చూశాడు. ఉలి కోసం పక్కకు చెయ్యి పోయింది, లేదు, గుర్తొచ్చింది, నా ముఖంలోకి చూసి దొంగతనం బయటపడ్డ పిల్లవాడిలా నవ్వాడు. "రేపు వోయి తెస్త. ఉపేందర్ ఏమనుకోడు" అన్నాడు.

నేను అన్నాను, వచ్చిన ఒక్క మాటే అన్నాను. సరేనన్నాడు. మంచం మీద నా పక్కన కూర్చుని, పలక అంచు రెండు చేతుల్తో పట్టుకుని, పిడిని నా చేతిలోనే ఉండనిచ్చి, తల వంచి, రెండో కోడి మెడ దగ్గర పేడును తన పళ్ళతో పట్టుకున్నాడు. కనకవ్వ చల్ల కలిపిన అన్నం గిన్నెతో గుమ్మంలోకి వచ్చి, ఆయన్నీ కోడినీ చూసి, "నువ్వు గూడనా?" అని, గిన్నె గూట్లో పెట్టి వెళ్ళిపోయింది. ఆయన తల నా భుజానికి తగులుతోంది. తెల్లజుట్టులో టేకుపొట్టు, దాని కింద చెమట వాసన, ఎన్నేళ్ళు బతికాను ఈ వాసన ఇంటికి వచ్చే వేళ కోసం చూస్తూ. కలకాలం ఇంటికి వచ్చినవాడా, నీకు దండం. పేడు ఊడింది, పక్కకు ఉమ్మాడు. "ఇగ తిప్పు" అన్నాడు. తిప్పాను. ఒకటి, దాని వెనక ఇంకొకటి, రెండు కోళ్ళూ పలకను టకటకా పొడిచాయి. చెక్క మీద చెక్క, ఆయన చెవి పక్కనే. ఆయన కప్పు వైపు చూడలేదు.